ఆగడం తెలిసిన చేతులు

సర్జన్ గొప్పతనాన్ని మనం కోతలతో కొలుస్తాం. ఎంత పెద్ద గడ్డ తీశాడు, ఆపరేషన్ బల్ల దగ్గర ఎన్ని గంటలు నిలబడ్డాడు అని చెప్పుకుంటాం. రొమ్ములో వచ్చే ఒక అరుదైన జబ్బు దగ్గర ఈ కొలత పనికిరాదు. దాని పేరు గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. అది క్యాన్సర్ కాదు, ప్రాణం తీయదు. కానీ పట్టుకుంటే నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ల దాకా వదలదు. గట్టి గడ్డగా మొదలవుతుంది, ఎర్రబడుతుంది, చీము పడుతుంది, చర్మం పగిలి కారుతుంది. ఒకచోట మానిందనుకునే లోపు పక్కనే ఇంకో రంధ్రం పడుతుంది. దీనికి మంచి వైద్యం చేసేవాళ్లు ఏమేం చేస్తారో, అంతకంటే ముఖ్యంగా ఏ పనులు కావాలని మానుకుంటారో దగ్గర నుంచి చూస్తే, ఆ పనితనానికి ముచ్చటేస్తుంది.

ఈ జబ్బును విడిగా గుర్తించి మొదట రాసినవాళ్లు కెస్లర్, వొల్లొక్. 1972లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ పాథాలజీలో వాళ్ల వ్యాసం వచ్చింది. చేతికి, కంటికి ఇది అచ్చం క్యాన్సర్‌లాగే తోస్తుందన్న సంగతి ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. గడ్డ రాయిలా ఉంటుంది, చనుమొన లోపలికి లాగేస్తుంది, చంకలో బిళ్లలు కట్టవచ్చు. ఆ పోలికకు బెదిరి రొమ్మంతా తీసేసిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఎక్కువగా 30, 40 ఏళ్ల మధ్య వాళ్లకు, చివరి కాన్పు అయిన ఐదారేళ్ల లోపు వస్తుంది. టర్కీ, ఇరాన్, చైనా, అరబ్ దేశాలు, మన దేశం నుంచి ఎక్కువ కేసులు రాస్తున్నారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2006–2008 మధ్య లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్లలో ఇది కనబడితే అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా నివేదిక వేసింది. ఎందుకు వస్తుందన్నది మాత్రం ఇంకా తేలలేదు. పాల గ్రంథుల నుంచి పాలో, స్రావమో చుట్టూ ఉన్న కండలోకి ఊరితే, దాన్ని పరాయి వస్తువుగా భావించి ఒంటి రక్షణ కణాలే తిరగబడతాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే ఊహ.

ఇప్పుడు దీన్ని గోదావరిఖనికి తెచ్చి చూద్దాం. బొగ్గు బాయిల ఊరు, సింగరేణి క్వార్టర్ల ఊరు. ఇంటి మనిషి బాయి పనికి ఫస్ట్ షిఫ్ట్ పోతాడు, లేదా నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటాడు. రెండేళ్ల పిల్ల ఉన్న తల్లి రొమ్ములో గడ్డ తగిలితే ఇంట్లో ముందు వచ్చే మాట పాలు గడ్డకట్టినయేమో అని. బిడ్డ పాలు మానేసి ఏడాది అయినా అదే మాట. వేడి గుడ్డతో కాపడం పెడతారు. తగ్గకపోతే కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళతారు. అక్కడ ఒక కోర్సు యాంటీబయాటిక్, తర్వాత మరో కోర్సు. అవీ పనిచేయకపోతే అప్పుడు సర్జన్. ఈలోగా రాచపుండేమో అన్న అనుమానం ఇంట్లో అందరికీ ఉంటుంది, బయటికి ఎవరూ అనరు. ఈ దారిలో ఎవరి తప్పూ లేదు. పాలిచ్చే తల్లికి వచ్చే మామూలు చీముగడ్డ దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది యాంటీబయాటిక్‌కు లొంగుతుంది కూడా. నేర్పు అవసరమయ్యేది, అది లొంగలేదని గుర్తించి అక్కడ ఆగి మళ్లీ ఆలోచించాల్సిన చోట.

బాయిలో పని భద్రత చూసే సర్దార్ పని స్థలంలో మనుషుల్ని నిలబెట్టే ముందు కర్రతో కప్పు కొట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే ఒక లెక్క, డొల్లగా పలికితే ఇంకో లెక్క. అనుభవమున్న సర్జన్ మొదటిసారి చూసేటప్పుడు వేసే ప్రశ్నలు కూడా ఆ కర్ర దెబ్బల్లాంటివే. ఆఖరి బిడ్డ ఎప్పుడు పుట్టింది, పాలు ఎప్పుడు మాన్పించారు, మోకాళ్లు నొప్పులా, కాళ్ల ముందు భాగంలో ఎర్రటి నొప్పి బిళ్లలు లేచాయా, మానసిక జబ్బుకు గోలీలేమైనా వాడుతున్నారా? వినేవాళ్లకు రొమ్ముతో సంబంధం లేని ప్రశ్నల్లా ఉంటాయి. కాళ్ల మీది ఆ బిళ్లలు ఎరిథీమా నోడోసమ్. ఈ జబ్బు ఉన్న కొందరిలో కీళ్లవాపుతో పాటు అవి కూడా వస్తాయి. రిస్పెరిడోన్ లాంటి మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి, ఆ హార్మోన్ పెరిగినవాళ్లలో ఈ జబ్బు వచ్చిన దాఖలాలున్నాయి. ఇంకో ప్రశ్న ఈ ఊరికి మరీ ముఖ్యం: ఇంట్లో ఎవరికైనా దగ్గు, టీబీ ఉందా? రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. గనుల్లో పనిచేసేవాళ్ల కుటుంబంలో ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి.

టీబీ పేరు ఎత్తామంటే ఈ వైద్యంలోని అసలు చిక్కు దగ్గరికి వచ్చామన్నమాట. రొమ్ముకు టీబీ వస్తుందని లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1829లోనే రాశాడు. అది కూడా ఇలాగే గడ్డ కట్టి, చీము పట్టి, రంధ్రాలు పడుతుంది. మైక్రోస్కోపు కింద రెండిట్లోనూ గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు గుంపుగట్టి చేసిన ముద్దలు కనిపిస్తాయి. టీబీ అరుదైన దేశాల్లో డాక్టరు ఈ పోలికను తొందరగా దాటేయగలడు. మన దగ్గర అలా కుదరదు. టీబీ ఉన్న మనిషికి గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే ఒంట్లోని టీబీకి తలుపులు బార్లా తీసినట్టే. టీబీ లేని మనిషికి టీబీ అనుకుని ఆరు నెలలు టీబీ మందులు ఇస్తే కాలేయం మీద భారం, కారే రంధ్రాలు అలాగే ఉండటం, డాక్టర్ల మీద నమ్మకం పోవడం.

కాబట్టి పనితనం మొదట బయటపడేది సూది బయాప్సీలో. పాలిచ్చే వయసు రొమ్ము కండ చిక్కగా ఉంటుంది, పైగా నొప్పి. మామోగ్రామ్ యంత్రంలో నొక్కేకంటే అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం మేలు. తెర మీద నల్లటి, అంచులు సరిగా లేని ప్రాంతం, దాని నుంచి వేళ్లలా పాకిన గొట్టాలు కనిపిస్తే ఈ జబ్బు అనుమానం బలపడుతుంది. కానీ కొన్నిసార్లు రేడియాలజిస్టు రిపోర్టులో క్యాన్సర్ అనుమానం అనే రాయాల్సి వస్తుంది, అది ఆయన తప్పు కాదు. తేల్చాల్సింది కండ ముక్కే. లిగ్నోకెయిన్‌తో తిమ్మిరి ఎక్కించి, 14 గేజ్ సూదిని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లోపలికి పంపి, స్ప్రింగ్ గన్ నొక్కితే టక్‌మని శబ్దం వస్తుంది. దారం ముక్కంత సన్నటి కండ బయటికి వస్తుంది. అలా నాలుగైదు ముక్కలు తీస్తారు.

ఇప్పుడు ఒక చిన్న పని ఉంది, ఈ వ్యాసం రాయడానికి నాకు ముఖ్య కారణం అదే. తీసిన ముక్కలన్నీ ఒకే సీసాలో వేయడం అలవాటు. ఆ సీసాలో ఫార్మలిన్ ఉంటుంది. అది కండ కుళ్లకుండా కాపాడుతుంది, సూక్ష్మజీవుల్ని మాత్రం చంపేస్తుంది. అన్నీ అందులోకి పోతే టీబీ కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, దారి మూసుకుపోయినట్టే. మంచి సర్జన్ గన్ చేతిలోకి తీసుకోకముందే బల్ల మీద రెండు సీసాలు పెట్టిస్తాడు. ఒకదాంట్లో ఫార్మలిన్, రెండోదాంట్లో సెలైన్. సెలైన్ సీసాలోని ముక్క టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్షకు, కల్చర్‌కు వెళుతుంది. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, సిస్టర్‌కు ముందుగా ఒక మాట చెబితే చాలు. ఆ ఒక్క సీసా లేకపోతే రోగిని మళ్లీ పిలిచి మళ్లీ గుచ్చాలి, లేదా తెలియకుండానే మందు మొదలుపెట్టాలి.

సీబీనాట్ ఫలితం రెండు మూడు గంటల్లో వస్తుంది. ద్రవ మాధ్యమంలో కల్చర్‌కు ఆరు వారాల దాకా ఎదురుచూడాలి. ఫార్మలిన్ సీసా పాథాలజిస్టు దగ్గరికి చేరుతుంది. ఏరియా దవాఖానలో చూపించుకున్నా, బయట చూపించుకున్నా, స్లయిడు చదివే అనుభవం కోసం ఇక్కడివాళ్లు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని కరీంనగర్‌కో, ఇంకా దూరం హైదరాబాద్‌కో చూడటం మామూలే. 2022 నవంబర్‌లో ఇక్కడే, రామగుండంలో, ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య కళాశాల అంటే పాథాలజీ, మైక్రోబయాలజీ శాఖలు. అవి గట్టిపడేకొద్దీ ఇలాంటి జబ్బుల్లో సీసా పట్టుకుని బస్సెక్కే అవసరం తగ్గాలి.

స్లయిడు చదవడం మరో విద్య. పారాఫిన్ మైనంలో బిగించిన ముక్కను మిల్లీమీటరులో రెండువందవ వంతు మందాన కోసి, రంగులద్ది చూస్తారు. ఈ జబ్బులో గ్రాన్యులోమాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. పాలు తయారుచేసే లాబ్యూల్స్ అనే గుత్తుల చుట్టూ, వాటి మధ్యలో చేరి ఉంటాయి. గ్రాన్యులోమాల మధ్యలో లాంగ్‌హాన్స్ కణాలు ఉంటాయి. అనేక కణాలు కలిసిపోయి ఒక్కటైన ఈ పెద్ద కణాల్లో కేంద్రకాలు గుర్రపు నాడా ఆకారంలో వరుసగట్టి ఉంటాయి. 1868లో థియొడర్ లాంగ్‌హాన్స్ వీటిని వర్ణించాడు. టీబీలో కనిపించే జున్నులాంటి కుళ్లు ఇక్కడ ఉండదు. సన్నటి సూదిముక్కలో ఆ కుళ్లు దొరకలేదంటే అసలు లేదని అర్థం కాదు. అందుకే పాథాలజిస్టు జీల్-నీల్సన్ రంగు వేస్తాడు. టీబీ క్రిమి మైనపు గోడ ఎర్ర రంగును పీల్చుకుంటుంది, ఆమ్లం పోసి కడిగినా వదలదు. మిగతా కండ నీలంగా మారుతుంది. నూనె చుక్క వేసి అన్నిటికన్నా శక్తిమంతమైన లెన్స్‌తో ఆ నీలంలో ఒక్క ఎర్ర పుల్ల కోసం స్లయిడంతా వెతకాలి. ఒక్కోసారి అరగంట వెతికి ఏమీ లేదని రాయాలి. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇంతలో ఇంకో చిత్రమైన సంగతి. కొన్ని స్లయిడ్లలో గ్రాన్యులోమాల మధ్య గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి, వాటి చుట్టూ చీము కణాలు కాపలా కాస్తున్నట్టు ఉంటాయి. ముక్కను తయారుచేసేటప్పుడు కొవ్వు కరిగిపోయి మిగిలిన ఖాళీలవి. గ్రామ్ రంగు వేసి ఓపిగ్గా చూస్తే ఆ ఖాళీల్లో పొట్టి పుల్లల్లాంటి క్రిములు దొరకవచ్చు. అవి కొరినిబాక్టీరియం క్రొపెన్‌స్టెడ్టి. ఈ క్రిమిని 1998లో కొత్త జాతిగా గుర్తించారు. ఆ తర్వాత నాలుగైదేళ్లలోనే న్యూజిలాండ్ వైద్యులు ఈ రొమ్ము జబ్బుతో దానికున్న సంబంధాన్ని బయటపెట్టారు. దీనికి కొవ్వంటే ఇష్టం, కొవ్వు లేకపోతే సరిగా పెరగదు. మామూలు కల్చర్ ప్లేటు మీద రెండు రోజుల్లో ఏమీ రాలేదని పారేస్తే దొరకదు. మాధ్యమంలో ట్వీన్ 80 కలిపి, ఎక్కువ రోజులు ఉంచాలి. దొరికినా చర్మం మీది క్రిమి కలిసిందని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. ల్యాబ్‌కు పంపే చీటీ మీద సర్జన్ 'గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనుమానం, కొరినిబాక్టీరియం కోసం చూడండి' అని ఒక వాక్యం రాస్తే టెక్నీషియన్ ప్లేటును అట్టిపెడతాడు. ఇద్దరి మధ్య ఆ వాక్యం ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఫలితం మారుతుంది.

ఆ క్రిమి దొరికితే యాంటీబయాటిక్ ఎంపిక మారుతుంది. మొదట్లో వాడిన మామూలు పెన్సిలిన్ జాతి మందుల కంటే కొవ్వులోకి చొచ్చుకుపోయే డాక్సీసైక్లిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి మేలు. రిఫాంపిసిన్ కూడా ఇందులోకే వస్తుంది. అది టీబీ మందు కూడా. ఈజిప్టులోని మన్సూరా వైద్యులు టీబీ లేదని తేల్చుకున్న రోగులకు రిఫాంపిసిన్ ఒక్కటే ఇచ్చి మంచి ఫలితాలు రాశారు. ఇక్కడొక ఉచ్చు ఉంది. పరీక్షలు చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టిన ఒకామెకు నాలుగు నెలల్లో గడ్డ తగ్గిందనుకోండి. చూశారా, టీబీయే అని అందరూ అంటారు. టీబీ కావచ్చు. రిఫాంపిసిన్ ఈ క్రిమిని చంపి ఉండవచ్చు. లేదా ఆ జబ్బు దాని కాలం తీరి అదే సద్దుమణిగి ఉండవచ్చు. తగ్గింది కాబట్టి ఫలానా జబ్బే అనే తర్కాన్ని ఇక్కడ నమ్మకూడదు. సెలైన్ సీసా విలువ మళ్లీ ఇక్కడ తెలుస్తుంది.

టీబీ లేదు, క్యాన్సర్ లేదు అని తేలాక కూడా చాలామంది మంచి డాక్టర్లు మొదట చేసేది దాదాపు ఏమీ లేదు. నొప్పి తగ్గించే మందులు, నెలకోసారి అల్ట్రాసౌండ్, ఎదురుచూడటం. స్వల్పంగా ఉన్నవాళ్లలో ఇది దానంతటదే తగ్గుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. చీము నిలిస్తే కత్తితో కోసి వదలడం పాత పద్ధతి. ఈ జబ్బులో ఆ కోత తరచు మానదు, కొత్త రంధ్రంగా నిలిచిపోతుంది. అందుకే అల్ట్రాసౌండ్ చూస్తూ ఆరోగ్యంగా ఉన్న చర్మం వైపు నుంచి వాలుగా సూది పోనిచ్చి చీము లాగుతారు. వారం తర్వాత మళ్లీ పడితే మళ్లీ లాగుతారు. కోతకు అలవాటుపడిన చేతికి ఇది చాలా కష్టమైన క్రమశిక్షణ. పెద్ద శస్త్రచికిత్స చివరి మార్గం. అది కూడా మంట చల్లారాక, మిగిలిన చిన్న గడ్డకు, లేదా మానని మచ్చకు.

నొప్పి, వాపు ఎక్కువుంటే స్టెరాయిడ్. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యులు దీనికి స్టెరాయిడ్ చికిత్సను ప్రతిపాదించారు. ప్రెడ్నిసొలోన్‌ను ఒంటి బరువును బట్టి, కిలోకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా రోజూ ఇస్తారు. ఇవ్వడం తేలిక, దింపడంలో ఉంది నేర్పంతా. తగ్గగానే ఆపేస్తే జబ్బు తిరిగి లేస్తుంది, ఒంట్లోని సహజ స్టెరాయిడ్ ఉత్పత్తి కూడా అప్పటికి మందగించి ఉంటుంది కాబట్టి హఠాత్తుగా ఆపడం ప్రమాదం. వారాల మీద మెట్టు మెట్టుగా దింపాలి. ఈలోగా చక్కెర పెరగవచ్చు, ముఖం ఉబ్బుతుంది, బరువెక్కుతారు. ఉబ్బిన ముఖం చూసి చుట్టాలు ఏమయిందని అడుగుతారని ముందే చెప్పి ఉంచే డాక్టరును నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. చెప్పకపోతే చాలామంది సగంలో మానేస్తారు. ఒళ్లంతా మందు పంపకుండా గడ్డలోకే ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్ ఇవ్వడం, చర్మం మీద స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయడం టర్కీ వైద్యులు బాగా వాడిన పద్ధతులు. షుగర్ ఉన్నవాళ్లకు ఇవి వరమే.

స్టెరాయిడ్ దింపగానే తిరగబెట్టేవాళ్లకు మెథోట్రెక్సేట్. ఇక్కడ తెలుగువాడి పేరు ఎత్తకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆ బృందమే దానికి విరుద్ధంగా పనిచేసే అణువులనూ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సర్ పిల్లల మీద వాడి చూపాడు. అదే కోవలో వచ్చింది మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. క్యాన్సర్ కోసం పుట్టిన మందును చిన్న మోతాదులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు, ఇప్పుడు క్యాన్సర్ కాని ఈ రొమ్ము జబ్బుకు వాడుతున్నారు.

ఈ గోలీ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ప్రమాదాలు లోకమంతా జరిగాయి. అందుకే జాగ్రత్తగల డాక్టరు చీటీ మీద వారానికోసారి అని రాసి ఊరుకోడు. 'ఆదివారం మాత్రమే' అని రోజు పేరు రాస్తాడు, ఫోలిక్ ఆమ్లం గోలీ వేరే రోజుకు పెడతాడు. మందుల షాపులో కూడా అదే చెప్పించుకోమంటాడు. షిఫ్టులు మారే ఇంట్లో వారం రోజుల లెక్క సులభంగా తప్పుతుంది, కాబట్టి క్యాలెండర్ మీద గుర్తు పెట్టమంటాడు. మందు మొదలుపెట్టే ముందు కాలేయం, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు, హెపటైటిస్ పరీక్ష, తర్వాత క్రమం తప్పకుండా రక్తపరీక్షలు.

రంధ్రాలకు కట్టు కట్టే పనిని ఎవరూ వ్యాసాల్లో పొగడరు. నెలల తరబడి రోజు విడిచి రోజు అదే రొమ్మును శుభ్రం చేసి, కారేది పీల్చే గుడ్డ సరిపడా పెట్టి, బిగువు లేకుండా కట్టే సిస్టర్ చేతిలోనే చర్మం బాగుపడుతుంది. తడి దిగకుండా, జాకెట్టుకు అంటుకోకుండా కట్టడానికి మెలకువ కావాలి. బయట తెలియకూడదన్న రోగి పట్టుదలను అర్థం చేసుకోవడానికి అంతకంటే ఎక్కువ కావాలి. కట్టు మార్చేటప్పుడు రంధ్రం చుట్టూ చర్మం రంగు ఎలా మారుతోందో మొదట గమనించేది కూడా ఆమే.

గడ్డ తగ్గుముఖం పట్టాక ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు మారతాయి. ఇంకో బిడ్డను కనవచ్చా, పాలు ఇవ్వవచ్చా అని. కనవచ్చు. మెథోట్రెక్సేట్ వాడుతున్నంత కాలం మాత్రం గర్భం రాకుండా చూసుకోవాలి, పాలూ ఇవ్వకూడదు. ఆపాక కూడా కొన్ని నెలలు ఆగమంటారు. ఎందుకంటే అది పిండానికి హాని చేసే మందు. కాన్పు తర్వాత మళ్లీ గడ్డ కట్టే అవకాశం ఉంది, రెండో రొమ్ములో కూడా రావచ్చు. కానీ వచ్చినప్పుడు ఈసారి వాళ్ల దగ్గర పాత బయాప్సీ రిపోర్టు ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అదే చూపించమని చెప్పి పంపుతారు. కొత్త డాక్టరు ఎవరైనా కోత పెట్టే ముందు ఆ కాగితం చదవాలి.